ఐదూ పది బస్సు

తొమ్మిదో వారం

మన టైంటేబుల్ సారుని పోయిన వారం ఎక్కడ వదిలేశామో ఒక్క మాట చెప్పుకుంటే కథ దారిన పడుతుంది. సిటీ బస్సులకి వేళలు రాసే ఉద్యోగం ఆయనది. ఏ బస్సు ఎన్నింటికి బయల్దేరాలో, ఏది అసలు బయల్దేరనక్కర్లేదో ముప్ఫై ఏళ్ళుగా ఆయన పెన్నే చెప్తోంది. ఎనిమిది నెలల కిందట అదే పెన్నుతో ముప్ఫై ఎనిమిదో నంబరు రూట్లో తెల్లవారుజామున ఐదూ పదికి బయల్దేరే మొదటి బస్సుని కొట్టేశాడు. మొన్న శనివారం ఫైళ్ళు సర్దుతుంటే, ఆ బస్సు తీసెయ్యొద్దని ఏడుగురు పెట్టుకున్న అర్జీ బయటపడింది. దాని మీద ఆయన చేతిరాతే ఉంది: 'పరిశీలించాను. మార్పు అవసరం లేదు.' పరిశీలించిన గుర్తు మాత్రం ఆయనకి లేదు. ఏడు సంతకాల్లో మూడోదాన్ని రెండుసార్లు చదివాడు. అది తనని పెంచిన అక్కది.

ఫోను చేస్తే అక్క ఒకటే మాట అంది. "కూర్చుని మాట్లాడే తీరిక నాకు లేదురా. సోమవారం పొద్దున్నే పావుతక్కువ ఐదుకి రా. నాతో పాటు పనికి బయల్దేరు. అడగాల్సింది దార్లో అడుగు."

సోమవారం నాలుగూ ముప్ఫై ఐదుకే ఆయన కారు నది దాటి, నగరం అంచున ఉన్న అక్క వీధిలో ఆగింది. ఒకే గోడని పంచుకున్న చిన్న చిన్న ఇళ్ళ వరసలో చివరిది అక్కది. అప్పటికే ఆవిడ వంటగదిలో దీపం ఆర్పి, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, లాండ్రీలో తడి నేల మీద తొడుక్కునే రబ్బరు చెప్పుల్ని పాత పేపర్లో చుట్టుకుంటోంది. నగరంలోకెల్లా పెద్ద ఆసుపత్రి దుప్పట్లన్నీ ఉతికే లాండ్రీలో ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ ఉద్యోగం. వేడి నీళ్ళకీ సబ్బుకీ వేళ్ళ చివర్లు ఎప్పుడూ నానిపోయినట్టే ఉంటాయి.

"కారు తెచ్చానక్కా. పద, అందులో వెళ్దాం."

"నీ కారు ఇవాళొక్క రోజు. నేను రోజూ ఎలా వెళ్తున్నానో చూస్తావనే పిలిచాను." తలుపు తాళం వేసి, ఒకసారి లాగి చూసుకుని, మెట్లు దిగింది. "పద. ఇరవై ఐదు నిమిషాల నడక. నువ్వొచ్చావని నేను నెమ్మదిగా నడవను."

అన్నట్టే నడిచింది. అరవై రెండేళ్ళ మనిషి. మొక్కజొన్న గింజలు ఏరుకునే కోడిలా చిన్న చిన్న అడుగులు, గబగబా. ఆవిడకన్నా ఎనిమిదేళ్ళు చిన్నవాడైనా ఆయనకి మొదటి మలుపు దగ్గరే ఆయాసం మొదలైంది. రెండో మలుపులో బస్ స్టాప్ వచ్చింది. అద్దం వెనక టైంటేబుల్. మొదటి బస్సు 5-50. ఆ అంకెలు దూరం నుంచి కూడా కనబడాలని అక్షరాల సైజు ఎంచింది ఆయనే. నిజమే, బాగా కనబడుతున్నాయి.

"ఇక్కడే ఎక్కేదాన్ని," అంది అక్క, ఆగకుండా. "ఇంటి నుంచి నాలుగు నిమిషాల నడక. ఇప్పుడు హైవే దాకా నడవాలి. నా మోకాళ్ళు నిన్ను తలుచుకోని రోజు లేదురా చిన్నా."

నవ్వుతూనే అంది. అందుకే అది ఎక్కువ గుచ్చుకుంది.

"నాకు ఎందుకు చెప్పలేదక్కా?"

"అర్జీలో చెప్పాగా."

"అర్జీ కాదు. నాకు. ఒక్క ఫోను చేస్తే..."

"చేశాను. మీటింగులో ఉన్నానన్నావు. సాయంత్రం నువ్వే చేసి, 'ఏంటక్కా విశేషం' అన్నావు. తీరా నువ్వు పలికేసరికి నాకు నోరు రాలేదు. తమ్ముడు ఆఫీసర్ కదా అని పైరవీకి వచ్చినట్టుంటుందనిపించింది. అర్జీ ఎలాగూ నీ దగ్గరికే వస్తుంది, నా సంతకం చూస్తాడు, చూసి వాడే అడుగుతాడులే అనుకున్నా." సంచి రెండో భుజానికి మార్చుకుంది. "వారం ఎదురుచూశా. తర్వాత బస్సు ఆగిపోయింది."

ఆ తర్వాత ఒకసారి అక్క ఫోన్లో చెప్పిన మాట ఆయనకి గుర్తొచ్చింది. 'ఇప్పుడు కారులో వెళ్తున్నాన్రా పనికి, మహారాణిలాగ. నలుగురం కలిసి.' తనేమన్నాడు? 'మంచిదే కదక్కా, సుఖంగా ఉంటుంది' అన్నాడు. ఎందుకు మారావని అడగలేదు. ఆ కారు ఎవరిదని కూడా అడగలేదు.

హైవే మలుపు దగ్గర దీపస్తంభం కింద ఆగారు. అక్క కొంగుతో మెడ తుడుచుకుని, ఆయన మొహంలోకి చూడకుండా అంది.

"కారులో నువ్వెవరో చెప్పకు."

"ఎందుకు?"

"చెప్పకు, అంతే. తెలిసినాయన అంటాను. ఊరుకో."

ఇంకేదో అడగబోయేలోగా లైట్లు వాళ్ళ మీద పడ్డాయి.

ఒకప్పుడు తెల్లగా ఉండి ఉండాల్సిన పాత కారు. స్టీరింగు ముందు నలభై ఏళ్ళ ఆడమనిషి, జుట్టు బిగించి ముడేసుకుంది. కళ్ళద్దాల దుకాణంలో లెన్సులు అరగదీసే పని ఆమెది. కారులో అందరూ ఆమెని కెప్టెన్ అంటారు. వెనక సీట్లో ఒక మూల యూనిఫాం వేసుకున్న గార్డు నోరు తెరిచి నిద్రపోతున్నాడు. బ్యాంకు దగ్గర డ్యూటీ. ఎక్కగానే పడుకుంటాడు, దిగేదాకా గురక పెడతాడు. అందుకే అతన్ని సైలెన్సర్ అని పిలుస్తారు.

"ఇవాళ ఒకాయన్ని తెచ్చాను కెప్టెన్. తెలిసినాయన. వంతెన అవతల దిగుతాడు."

"ఎక్కించండక్కా. దర్జీ ముందు సీట్లో కూర్చుంటాడు, మీరు ముగ్గురూ వెనక సర్దుకోండి," అంది కెప్టెన్. ఆయన వైపు తిరిగి, "తలుపు మెల్లిగా వెయ్యండి సార్. గట్టిగా వేస్తే అవతలి తలుపు తెరుచుకుంటుంది," అని నవ్వింది.

ఎవరో పరాయి మనిషి అక్కని అక్కా అంటుంటే వినడం ఆయనకి వింతగా ఉంది. ఆ మాట తన సొంతమని ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

రెండు కిలోమీటర్ల తర్వాత ఒక సందు మొదట్లో కారు ఆగింది. ఎవరూ రాలేదు. ఒక నిమిషం. రెండు. ఆయన చెయ్యి అలవాటుగా వాచీ మీదికి పోయింది. ఆయన ప్రపంచంలో బస్సు ఎవరి కోసమూ ఆగదు. ఆగితే అవతలి స్టాపులో నిలబడ్డవాడికి అన్యాయం జరుగుతుంది. ఈ మాట కొత్తగా చేరిన కుర్రాళ్ళకి ఎన్నిసార్లు చెప్పాడో. నాలుగో నిమిషం. కెప్టెన్ ఇంజను ఆపేసి, మంచినీళ్ళు తాగింది. అక్క వెనక్కి వాలి కళ్ళు మూసుకుంది. ఎవరికీ విసుగు లేదు.

ఆరో నిమిషంలో సన్నగా పొడుగ్గా ఉన్న మనిషి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ, పరిగెత్తుకుంటూ వచ్చి ముందు సీట్లో పడ్డాడు. యూనిఫాంలు కుట్టే ఫ్యాక్టరీలో దర్జీ.

"క్షమించాలి కెప్టెన్. ఊళ్ళో వాళ్ళందరి గుండీలూ కుడతాను, నా చొక్కాకే ఉండవు."

"పర్లేదు. ఊపిరి పీల్చుకోండి ముందు."

దర్జీ ఊపిరి పీల్చుకున్నాడు. ఇక దాన్ని మాటలకి తప్ప వాడలేదు. వెనక కొత్త మనిషి కనబడేసరికి ఉత్సాహం రెట్టింపయింది.

"కొత్తగా మా బండి ఎక్కారా సార్? అయితే మీకు మా కత్తెర గురించి తెలియదన్నమాట."

అక్క కళ్ళు తెరిచింది. "పొద్దున్నే ఆ గోల ఎందుకు."

"ఉండక్కా. కొత్తవాళ్ళకి చెప్పాలా వద్దా? మాకు ఐదూ పదికి బంగారం లాంటి బస్సు ఉండేది సార్. ఎవడో మహానుభావుడు ఆఫీసులో కూర్చుని ఒక్క గీతతో కత్తిరించి పారేశాడు. మేం చూడలేదు, పేరు తెలియదు. కత్తెర అని పెట్టుకున్నాం. రోజూ ఈ టైముకి కత్తెర ఏం చేస్తుంటాడో చెప్పుకుంటూ వెళ్తాం. దారి తెలియదు." గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు టైమెంత? ఐదున్నర. కత్తెర ఇప్పుడే ఇటునుంచి అటు తిరిగాడు. దుప్పటి జారిపోయింది. పైకి లాక్కుంటున్నాడు. కాలు బయటికొచ్చింది. అయ్యో, చలి!"

సైలెన్సర్ నిద్రలోనే నవ్వాడు. కెప్టెన్ కూడా పెదవి బిగించి నవ్వు ఆపుకుంది. ఆయన దొంగకి తేలు కుట్టినట్టు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

"మా అక్క ఒక్కత్తే కత్తెరని తిట్టదు సార్," అన్నాడు దర్జీ, వెనక్కి తిరిగి. "ఎంత రెచ్చగొట్టినా తిట్టదు. ఏమంటుందో తెలుసా? 'వాణ్ణేం అనకండయ్యా, వాణ్ణి పెంచినవాళ్ళని అనండి. లెక్కలు నేర్పారు గానీ మనుషుల్ని చూడ్డం నేర్పలేదు' అంటుంది. అంత మాట మాకెవరికీ తట్టదు. అవునా అక్కా?"

అక్క ఒళ్ళో పెట్టుకున్న సంచి పట్టీని వేలికి చుట్టి విప్పింది. మళ్ళీ చుట్టింది.

ఆయనకి లెక్కలు నేర్పింది అక్కే. అదీ బస్సులోనే. బడికి తీసుకెళ్తూ కిటికీ పక్క సీట్లో తనని కూర్చోబెట్టి, తను రాడ్ పట్టుకుని నిలబడి, ఎదురొచ్చే బస్సు నంబర్లు కూడమనేది. పన్నెండూ నలభై ఒకటీ? యాభై మూడు. శభాష్. ఎక్కడికెళ్ళినా సీటు ఆయనదే, నిలబడటం అక్కది. ఆ నంబర్లే ఆయన జీవితమయ్యాయి. మరి ఎనిమిది నెలల కిందట మీటింగులో ఏమన్నాడు? 'ఐదూ పది బస్సులో సగటున ఏడుగురు ఎక్కుతున్నారు. ఏడుగురి కోసం యాభై సీట్లు తిప్పుదామా?' బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. తనూ నవ్వాడు.

కారు వంతెన ఎక్కింది. తూర్పున నది మీద వెలుగు పరుచుకుంటోంది. ముగ్గురూ అంతకంటే ఎక్కువ మందీ ఉన్న బళ్ళకి వంతెన మీద వేరే వరస. ఆ ఖాళీ వరసలో కెప్టెన్ హాయిగా పోనిచ్చింది. పక్క వరసలన్నీ అప్పుడే నిండుతున్నాయి. కారుకి ఒక్క మనిషి. ఒక్కొక్కడూ స్టీరింగు మీద వేళ్ళతో తాళం వేసుకుంటూ, ముందు బండి వెనక లైట్లని చూసుకుంటూ. రోజూ తొమ్మిదింటికి ఆయనా ఏదో ఒక వంతెన మీద అలాగే ఉంటాడు. ఉద్యోగంలో చేరిన ఐదో ఏడు కారు కొనుక్కున్నాక, తను వేళలు రాసిన బస్సు ఒక్కటైనా ఎక్కాడా? ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

"మీరేం చేస్తుంటారు సార్?" కెప్టెన్ అద్దంలోంచి అడిగింది. మర్యాద కోసం అడిగిన మాటే.

అక్క చప్పున అందుకుంది. "క్లర్కు. ఏదో ఆఫీసులో."

తన కోసం అక్క చెప్పిన మొదటి అబద్ధం కాదది. చిన్నప్పుడు పక్కింటి కిటికీ అద్దం పగలగొడితే 'మావాడు ఇంట్లోనే ఉన్నాడండీ' అంది. ఫీజు కట్టడానికి రెండు పూటలూ పని చేస్తూ 'నాకు ఇంట్లో తోచక' అంది. ఎనిమిది నెలలుగా ఈ కారులో, తమ్ముణ్ణి తిడుతుంటే, ఆ తిట్లు తన మీదికి మళ్ళించుకుంటూ కూర్చుంది. ఇంకొక్క అబద్ధం ఆవిడ చేత మోయించడం ఆయన వల్ల కాలేదు.

"బస్సుల ఆఫీసులో చేస్తానమ్మా," అన్నాడు. "వేళలు రాసేది నేనే. ఐదూ పది బస్సు తీసేసింది నేనే."

దర్జీ మొదట నవ్వాడు, జోకు అనుకుని. అక్క మొహం చూశాక నవ్వు ఆగిపోయింది. సైలెన్సర్ గురక కూడా ఎందుకో ఆగింది. కెప్టెన్ రెండు చేతులూ స్టీరింగు మీద, చూపు ముందుకి. వంతెన ఇంకా సగం ఉంది. ఆ సగం దూరం ఆయనకి తన ముప్ఫై ఏళ్ళ ఉద్యోగమంత పొడుగ్గా అనిపించింది.

వంతెన దిగాక రోడ్డు పక్కకి తీసి ఆపింది. వెనక్కి తిరగలేదు.

"ఒక్కటి అడుగుతాను, చెప్పండి. ఏడుగురే కదా అనుకున్నారా?"

అబద్ధం చెప్పే వీలుంది. పైవాళ్ళ ఒత్తిడి అనొచ్చు, బస్సులు చాలవనొచ్చు.

"అవునమ్మా. అలాగే అనుకున్నాను."

"దిగండి." గొంతు పెరగలేదు. "దయచేసి."

ఆయన దిగాడు. తలుపు మెల్లిగా వేయబోతుంటే లోపలి నుంచి ఒక చెయ్యి అడ్డుపడింది. అక్క సంచి భుజానికి తగిలించుకుని దిగుతోంది.

"మీరెందుకక్కా? మిమ్మల్ని దిగమన్నానా?" కెప్టెన్ ఇప్పుడు తిరిగింది. "డ్యూటీకి టైమవుతోంది మీకు."

"వీడు నా తమ్ముడు కెప్టెన్," అంది అక్క. "నేను పెంచినవాడు. మీ దగ్గర దాచాను. ఇక ఆ సీట్లో ఏ మొహం పెట్టుకుని కూర్చోను?"

కెప్టెన్ ముందుకి తిరిగి గేరు వేసింది. కారు ముందుకి కదిలింది. నూరు అడుగులు వెళ్ళి, మళ్ళీ రోడ్డు వారనే ఆగిపోయింది. ఎవరూ దిగలేదు. ఇండికేటరు ఊరికే కొట్టుకుంటూ ఉంది.

"ఏమైంది? పాడైందా?"

"ఏడుస్తోంది," అంది అక్క. "కాసేపు ఏడ్చి, మొహం తుడుచుకుని వెళ్తుంది. అప్పుడప్పుడూ అంతే."

"నేనింత చేశానా అక్కా? బస్సు పోయిందనేనా..."

అక్క ఆయన్ని చూసింది. చెప్పాలా వద్దా అని కాదు, నిలబడి వినగలడా అని చూసినట్టుంది. తర్వాత చెప్పింది. అందులో మెరుపులేమీ లేవు. దుప్పట్లు మడత పెట్టినట్టు, ఒక దాని మీద ఒకటి.

కెప్టెన్ తల్లి మా ఆసుపత్రిలోనే ఉండేదిరా, అంది. పక్షవాతం. చెయ్యి లేవదు, కూతురు తినిపిస్తే తప్ప మింగదు. ఎవరు స్పూను పెట్టినా పెదాలు బిగించేసేది. పొద్దున్న ఏడింటికి డాక్టర్లు వస్తారు, చూడొచ్చినవాళ్ళని బయటికి పంపేస్తారు. మళ్ళీ పదకొండు దాకా రానివ్వరు. ఐదూ పది బస్సులో ఈ పిల్ల మా అందరితో పాటు వచ్చేది. ఆరుకల్లా వార్డులో ఉండేది. గంట సేపు. తల దువ్వి, పాలు తాగించి, రెండు ముద్దలు పెట్టి, అటునుంచి తన పనికి పోయేది. నువ్వు బస్సు తీసేశాక ఐదూ యాభైది ఎక్కింది. ఆ టైముకి వంతెన ఎలా ఉంటుందో చూశావుగా. ఒకరోజు పది నిమిషాలు దొరికేవి, ఒకరోజు ఐదు. అమ్మ సగం ముద్ద తినేలోపు బయటికి పంపేసేవాళ్ళు. అలా తొమ్మిది రోజులు.

"పదో రోజు ఏడూ నాలుగుకి గేటు దగ్గరికి వచ్చింది. గేటు వేసేశారు. బతిమాలింది. 'రూలమ్మా, పదకొండింటికి రా' అన్నాడు అక్కడి మనిషి. వాడి తప్పేముంది, వాడికీ ఎవడో రాసిచ్చిన టైమే కదా. ఏడూ నలభైకి ఆవిడ పోయింది. పొద్దుటి నుంచీ 'పిల్ల వచ్చిందా' అని అడుగుతూనే ఉందట. పదకొండింటికి ఈ పిల్ల పాల సీసాతో వార్డులోకి వెళ్తే మంచం ఖాళీగా ఉంది. ఆ మంచం మీది దుప్పటి మా లాండ్రీకే వచ్చింది చిన్నా. నా చేత్తో నేనే ఉతికాను."

ఆయన ఏదో పట్టుకోవాలని చెయ్యి చాపాడు. పక్కన పట్టుకోవడానికి ఏమీ లేదు.

"నెల తిరక్కుండా డ్రైవింగు నేర్చుకుంది. వాళ్ళ బావ పాత కారు షెడ్డులో పడుంటే బాగుచేయించి, మా ఇంటికొచ్చి, 'అక్కా, ఇకనుంచి నా బండిలో రండి, ఎంతసేపైనా ఆగుతాను' అంది. అప్పట్నుంచీ ఆగుతూనే ఉంది. ఆ దర్జీ రోజూ ఆలస్యమే. ఒక్కరోజు కసరలేదు."

"నేను బస్సు మళ్ళీ వేయిస్తాను," అన్నాడు ఆయన. "ఇవాళే. ఇప్పుడే వెళ్ళి..."

"వేయించు. నా మోకాళ్ళకి మంచిదే." అక్క కారు వైపు చూస్తూ అంది. "ఆ పిల్లకి ఏ బస్సు వేయిస్తావు?"

వంతెన మీంచి బళ్ళ హోరు పెరుగుతోంది. అక్క ఆసుపత్రి ఇక్కణ్ణుంచి నడిస్తే పావుగంట. ఆవిడ ఇంకా కదల్లేదు. చిన్నప్పుడు బడి గేటు దగ్గర, తను లోపలికి వెళ్ళేదాకా, అలాగే నిలబడేది.

జేబులో ఫోను మోగింది. ఆఫీసు అసిస్టెంటు.

"పొద్దున్నే డిస్టర్బ్ చేస్తున్నా, ఏమనుకోకండి సార్. మీరు శుక్రవారం సంతకం పెట్టిన లిస్టు ఏడింటికి డిపోలన్నిటికీ పంపేస్తున్నాం. ఒకసారి చెప్పి పంపుదామని చేశాను."

"ఏ లిస్టు?"

"తెల్లవారుజాము బస్సుల లిస్టే సార్. జనం తక్కువున్న మొదటి ట్రిప్పులు. పదకొండు రూట్లు. రేపట్నుంచి బంద్."

శుక్రవారం సాయంత్రం. ఇంటికి బయల్దేరే హడావిడి. బల్ల మీద నాలుగు కాగితాలు. ఒకదాని తర్వాత ఒకటి సంతకం పెట్టి, కారు తాళాలు తీసుకున్నాడు. మర్నాడు గానీ ఆ పాత అర్జీ ఆయన చేతికి రాలేదు.

"ఆపు. ఆ లిస్టు పంపకు."

"ఆపడమేంటి సార్?" అసిస్టెంటు గొంతులో నిజమైన అయోమయం. "సంతకం అయిన కాగితం ఆపాలంటే మళ్ళీ సంతకం ఉన్న కాగితమే కావాలి కదా. ఫోను మాట మీద ఏదీ మార్చకూడదని మీరే కదా సార్ ఆర్డరు వేసింది? నా ఉద్యోగం పోతుంది. ఏడింటి లోపల మీరు వచ్చి రాసిచ్చేయండి. డిపోలకి చేరిపోతే ఇక మూడు నెలల దాకా మన చేతుల్లో ఉండదు."

ఫోను పెట్టేశాడు. ఆరూ తొమ్మిది. ఆఫీసు నగరానికి అవతలి కొసన, పెద్ద డిపో పక్కన. ఆయన కారు నదికి అవతల, అక్క వీధిలో. ఇక్కణ్ణుంచి బస్సులో వెళ్ళాలంటే రెండు మారాలి, గంటా పది నిమిషాలు. ఆ లెక్క ఎవర్నీ అడగనక్కర్లేదు. రైలు స్టేషను రెండు కిలోమీటర్లు. పరిగెత్తినా ఆరూ ఇరవై బండి అందదు, తర్వాతది ఆరూ నలభై ఐదు. వంతెన దిగే ఈ రోడ్డు మీద ఆటోలు ఆగనివ్వరు. టాక్సీకి ఫోన్లో చూస్తే ఇరవై ఐదు నిమిషాల్లో వస్తానంది. సొంత కారులో అయితే నలభై నిమిషాలు.

"ఎవర్రా? మొహం అలా అయిపోయిందేం?"

చెప్పాడు. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు.

"ఎన్ని?"

"పదకొండు."

అక్క కళ్ళలో కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు. ఆవిడ తల తిప్పి, నూరు అడుగుల అవతల ఇండికేటరు కొట్టుకుంటున్న పాత కారుని చూసింది. ఆయనా చూశాడు.

"ఆ కారులో అయితే అందుతావా?"

"ఇప్పుడు బయల్దేరితే అందుతాను." వెంటనే అన్నాడు, "నువ్వొచ్చి ఒక్క మాట అడుగు అక్కా. నువ్వడిగితే కాదనదు."

"అడిగితే కాదనదు. అందుకే నేనడగను." సంచి పట్టీ భుజం మీదికి సర్దుకుంది. "నీ కోసం నేను అడగాల్సినవన్నీ అడిగేశాను. చెప్పాల్సిన అబద్ధాలన్నీ చెప్పేశాను. ఇది నువ్వే అడుగు. తిడితే తిట్టించుకో. నేను డ్యూటీకి వెళ్ళాలి."

ఆవిడ వెనుదిరిగి ఆసుపత్రి రోడ్డు పట్టింది. అవే చిన్న అడుగులు, గబగబా. ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు.

ఆయన కారు వైపు నడిచాడు. పక్క నుంచి బళ్ళు రివ్వున పోతున్నాయి. నూరు అడుగులు. దర్జీ అద్దంలోంచి ఆయన రావడం చూసి, చూపు తిప్పేసుకున్నాడు. సైలెన్సర్ నిటారుగా కూర్చున్నాడు. ఆయన డ్రైవరు కిటికీ దగ్గర వంగాడు. కెప్టెన్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అద్దం దించలేదు, ఆయన వైపు చూడలేదు.

"అమ్మా," అన్నాడు, మూసిన అద్దానికే. "క్షమించమని అడగడానికి రాలేదు. అడిగే అర్హత లేదు. ఇంకో పదకొండు బస్సులు... ఐదూ పది లాంటివే. వాటిని తీసెయ్యమని నేనే సంతకం పెట్టాను. ఏడింటి లోపల నన్ను మా ఆఫీసుకి చేరిస్తే ఆపగలను. నాకు ఇంకో దారి లేదు."

అద్దం మీద ఆయన ఊపిరి మసకగా పరుచుకుని, ఆమె మొహాన్ని చెరిపేసింది. చేత్తో తుడవబోయి ఆగిపోయాడు. ఆరూ పదమూడు.

ఇంజను స్టార్టయింది. తలుపు లాకు ఇంకా తెరుచుకోలేదు.